మద్రాసుకి అక్క మా వాకాడు పక్కనే!

నాలుగు వందల ఏళ్లు! అక్షరాలా నాలుగు వందల ఏళ్ల కిందట, తాజ్‌మహల్‌కి ఇంకా పునాది కూడా తవ్వకముందు, కలకత్తా అనే నగరం ఇంకా ఎవరి బుర్రలోనూ లేని రోజుల్లో, మా వాకాడు మండలంలోని దుగరాజపట్నం ఇసకలో, చుట్టూ పన్నెండు ఫిరంగులు మోహరించుకుని ఒక ఇంగ్లీషు ఇల్లు ఉండేది!

మా వాకాడు మండలంలో! కోట అనే ఊరికి అవతల, గూడూరు నుంచి బస్సెక్కితే వచ్చే వాకాడులో!

ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. కనపడిన ప్రతివాళ్లనీ ఆపి చెబుతున్నాను. టీ కొట్టు దగ్గర చెప్పాను, బస్సులో పక్క సీటాయనకి చెప్పాను, ఫోన్లో మా మేనత్తకి చెప్పాను. "ఆ, ఉండొచ్చులే" అందావిడ. ఉండొచ్చులే ఏమిటి అత్తా! భారతదేశం మొత్తంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ గోడ కట్టి, ఫిరంగులు ఎక్కించి కాపలా పెట్టుకున్న మొట్టమొదటి స్థావరం అది! బొంబాయి కాదు, మద్రాసు కాదు, కలకత్తా కాదు. దుగరాజపట్నం!

అసలు నేను వెతికింది దీన్ని కాదు. నా కన్ను పడింది చెన్నైలో ఒక పాత భవంతి మీద. మౌంట్ రోడ్డు పక్కన ఓమందూరార్ ఎస్టేట్ అని ఉంది చూడండి, అక్కడ చెట్ల మధ్య రాజాజీ హాల్ అని తెల్లటి, పొడవాటి, స్తంభాల భవనం. ఎంత వెడల్పు మెట్లో! గ్రీకు దేవళంలా ఎత్తుగా, ఠీవిగా, ఎండలో కళ్లు చెదిరేలా నిలబడి ఉంటుంది. అన్నాదురై, ఎం.జి.ఆర్., జయలలిత, కరుణానిధి పార్థివ దేహాలని ప్రజల దర్శనానికి ఉంచింది ఆ మెట్ల పైనే. టీవీలో ఎన్నిసార్లు చూశానో ఆ మెట్లని! ఒక్కసారి కూడా, ఇది ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న ప్రశ్న పుట్టలేదు నాకు.

పుట్టింది. పుట్టాక ఇక ఆగలేదు.

దాన్ని 1802లో పూర్తిచేసింది జాన్ గోల్డింగ్‌హామ్. ఆయన వృత్తి ఏమిటనుకున్నారు? ఖగోళ శాస్త్రం! మద్రాసు వేధశాలలో చుక్కలు చూసుకునే మనిషి వచ్చి గవర్నరుగారికి విందుల హాలు కట్టిపెట్టాడు! అప్పటి గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కి కొడుకు. హాలుకి రెండు వైపులా పైన ముక్కోణపు ముఖాలు ఉంటాయి. ఒకటి తండ్రి గెలిచిన 1757 ప్లాసీకి గుర్తట, రెండోది టిప్పు సుల్తాను మరణించిన 1799 శ్రీరంగపట్నానికి గుర్తట. విందు భోజనానికి వచ్చినవాళ్లు తలెత్తితే యుద్ధాలే!

మరి ఆ హాలు పక్కన, తోట మధ్యలో, గవర్నరు కాపురం ఉండే అసలు బంగళా ఏదీ? లేదు! దాని పేరు గవర్నమెంట్ హౌస్. కొత్త శాసనసభ కోసమని దాన్ని పడగొట్టారు. ఆ శాసనసభా భవనం 2010లో ప్రారంభమై, 2014కల్లా పెద్దాసుపత్రి అయిపోయింది. (ఇది తమిళనాడు రాజకీయం, మనకెందుకు.) ఆ ఎస్టేటుకి పేరిచ్చిన ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ 1947 నుంచి 1949 వరకు మద్రాసు ప్రధానమంత్రి. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు.

సరే, ఆ పడగొట్టిన బంగళా ఎక్కణ్ణుంచి వచ్చింది? 1753లో కంపెనీ దాన్ని ఆంతోనియా డి మడైరోస్ అనే పోర్చుగీసు ఆవిడ దగ్గర కొన్నది. ఎందుకు కొన్నది? 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకుని, అంతకుముందున్న గవర్నరు తోట బంగళాని నేలమట్టం చేశారు గనక. అంతకుముందు? సముద్రం ఒడ్డున సెయింట్ జార్జి కోటలో గవర్నరు ఇల్లు. దానికి ముందు?

చూశారా, ఒక ఇంటి వెనక ఒక ఇల్లు, దాని వెనక ఇంకో ఇల్లు. వెనక్కి వెళ్తున్నాను, వెళ్తున్నాను, పేజీలు తిప్పుతున్నాను, 1640కి వచ్చాను. ఆ ఏడు ఫిబ్రవరి 20న ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ అనే ఇద్దరు కంపెనీ ఉద్యోగులు మద్రాసు తీరంలో దిగారు. కోగన్ వచ్చింది మచిలీపట్నం నుంచి. బాగుంది, మన మచిలీపట్నమే. మరి డే అంతకుముందు ఎక్కడ కంపెనీ పెద్దగా ఉండేవాడు?

"ఆర్మగాన్‌లో" అని రాసి ఉంది.

ఆర్మగానా? అదెక్కడ? ఏదో జావా ద్వీపమేమో అనుకున్నాను, నిజంగా! పేరు అలాగే ఉంది కదా. పక్క వాక్యంలో ఉంది జవాబు: అప్పటి నెల్లూరు జిల్లా, దుగరాజపట్నం.

లేచి నిలబడిపోయాను!

దుగరాజపట్నం అంటే నాకు ఏం తెలుసు? ఓడరేవు వస్తుందట అనే వార్త, రాదట అనే వార్త. రొయ్యల గుంటలు. సరుగుడు తోటలు. దారిలో వాకాడు, నేదురుమల్లి జనార్దనరెడ్డి గారి ఊరు. ఆయన 1990 నుంచి 1992 వరకు ముఖ్యమంత్రి. ఇంతే నా పరిజ్ఞానం! (ఇంకో తమాషా వినండి. జనార్దనరెడ్డి గారు పుట్టిన తేదీ 1935 ఫిబ్రవరి 20. డే, కోగన్లు మద్రాసులో దిగింది కూడా ఫిబ్రవరి 20! దీనికి అర్థమేమీ లేదు. నాకు మాత్రం ఎందుకో భలే సరదా వేసింది.)

ఇక ఆ ఇంటి సంగతి. కంపెనీవాళ్లు దాన్ని ఫ్యాక్టరీ అనేవారు. పొగగొట్టాలు, యంత్రాలు ఊహించుకోకండి, నేనూ మొదట అలాగే ఊహించుకున్నాను! ఆ రోజుల్లో వర్తకం చేసే గుమాస్తాని ఫ్యాక్టర్ అనేవారు, వాళ్లుండే చోటు ఫ్యాక్టరీ. గిడ్డంగి, కచేరీ, కాపురం, అన్నీ ఒకే కప్పు కింద. కొన్న బట్టల మూటలు కిందనో పక్కనో, ఖాతా పుస్తకాలు మధ్యలో, మనుషులు పైన. ఆనాటి ఇంగ్లీషు ఫ్యాక్టరీలలో అందరూ ఒకే బల్ల దగ్గర, హోదాని బట్టి వరుసలో కూర్చుని భోంచేసేవారు. రాత్రి తలుపులు మూసేవారు. పెళ్లాం పిల్లలు లేని, ఇంటి నుంచి ఆర్నెల్ల ఓడ ప్రయాణం దూరంలో ఉన్న కుర్రాళ్లు! ఉక్క, ఉప్పుగాలి, దోమలు, విరేచనాలు, పక్కన సముద్రపు హోరు. అబ్బబ్బా, ఊహించుకుంటే జాలి, నవ్వు, ఆశ్చర్యం మూడూ ఒకేసారి!

వాళ్లు ఇక్కడికే ఎందుకొచ్చారు? ఇది ఇంకా రంజుగా ఉంటుంది, వినండి.

వాళ్లకి కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి దొరికేది ఇండోనేషియా ద్వీపాల్లో. అక్కడివాళ్లకి కావలసింది మాత్రం ఇంగ్లండు ఉన్ని బట్ట కాదు. ఆ ఉక్కలో ఉన్ని ఎవడు కట్టుకుంటాడు! వాళ్లకి కావలసింది మన తీరపు నూలు బట్ట. అద్దిన బట్ట, కలంతో రాసిన బట్ట, ఇసక నేలల్లో మొలిచే చిరివేరుతో ఎర్రగా రంగు పట్టించిన బట్ట, ఎన్ని ఉతుకులకీ వెలవని బట్ట! అంటే మిరియం గింజ దొరకాలంటే ముందు మన నేతగాడి గడప తొక్కాలి. లండన్‌లో వంటింటి మసాలా డబ్బాకి, మన తీరంలో మగ్గం గుంటకి ఇంత దగ్గరి చుట్టరికం!

అందుకని 1611లో కంపెనీ ఓడ 'గ్లోబ్' ఈ తీరానికి వచ్చింది. ముందు పులికాట్‌లో ఆగింది. అక్కడ డచ్చివాళ్లు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు, పొమ్మన్నారు. పైకి వెళ్లి నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ దిగారు. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా అని కోటే కట్టేశారు. ఇంగ్లీషువాళ్లకి కడుపు మంట! 1621లో ఇద్దరూ రాజీపడి పులికాట్‌లో కలిసి వ్యాపారం చేయబోయారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? కొద్దికాలానికే చెడింది. 1623లో అంబోయనా ద్వీపంలో డచ్చివాళ్లు ఇంగ్లీషు గుమాస్తాలని పట్టి చంపేశాక ఇక ముఖాలు చూసుకునే పరిస్థితి పోయింది.

అటు మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల వేధింపులు. ఇటు పులికాట్‌లో డచ్చివాళ్లు. మరి ఎక్కడికి పోవాలి?

మధ్యలోకి! గోల్కొండ హద్దు దాటి, చంద్రగిరి రాయల ఏలుబడిలో, పులికాట్‌కి ఉత్తరాన, డచ్చివాళ్ల ముక్కుకింద! 1625–26లో దుగరాజపట్నంలో కాలు మోపారు.

విజయనగరం హంపీలో కూలిపోయి అప్పటికి అరవై ఏళ్లు. అరవీటి వంశం రాయలు చంద్రగిరిలో ఉండి మిగిలిన రాజ్యాన్ని లాక్కొస్తున్నారు. నిజంగా చేతిలో అధికారం ఉన్నది అక్కడక్కడి నాయకులకి. ఆ నాయకుడి అనుమతి తెచ్చిపెట్టే మనిషి కావాలి కదా. ఇక్కడే వస్తాడు నాకు అందరికంటే నచ్చిన మనిషి: ఆర్ముగ ముదలియార్! ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్ద. ఇంగ్లీషువాళ్లకి స్థలం దొరికింది ఆయన చలవేననీ, ఆ కృతజ్ఞతతోనే ఆ స్థావరానికి ఆయన పేరు పెట్టుకున్నారనీ చెబుతారు. ఆర్ముగం, ఆర్మగం, ఆర్మగాన్! జావా ద్వీపం కాదు, మన ఊరి ముదలియారు గారు! ఇంగ్లండు రాజు పేరో రాణి పేరో పెట్టకుండా, భారతదేశంలో తమ తొలి కోటకి స్థానికుడి పేరు పెట్టుకున్నారంటే, ఆ తొలిరోజుల్లో వాళ్లు ఎంత ఒదిగి ఉండేవాళ్లో చూడండి. తరవాత మారిపోయారు, అది వేరే కథ.

1628లో మచిలీపట్నంలో బాధలు మరీ ముదిరాయి. అక్కడివాళ్లు మూటాముల్లే సర్దుకుని దుగరాజపట్నానికే వచ్చేశారు! అంటే కొంతకాలం పాటు ఇంగ్లీషువాళ్ల కోరమాండల్ వ్యాపారం మొత్తానికి గుండెకాయ ఏ ఊరు? దుగరాజపట్నం! ఆ కాలపు వివరాల్లోనే ఉంది: ఫ్యాక్టరీ చుట్టూ పన్నెండు ఫిరంగులు, కాపలాకి గుమాస్తాలు, సిపాయిలు అంతా కలిపి 23 మంది.

ఇరవై మూడు మంది! మా ఊళ్లో పెళ్లికి పందిరి వేసేవాళ్లే అంతకంటే ఎక్కువమంది ఉంటారు! ఇరవై మూడు మంది, పన్నెండు ఫిరంగులు. తర్వాతి రెండు వందల ఏళ్లలో ఉపఖండం అంతటా పాకిన సైన్యాలు, కోటలు, దొరతనం, ఆ మొత్తానికి తొలి నమూనా ఇక్కడ పడిందంటే ఒళ్లు జలదరించడం లేదూ?

సూరత్‌లో వాళ్లకి అప్పటికే ఫ్యాక్టరీ ఉంది. కానీ అక్కడ మొగలాయిల రాజ్యం, కోట కట్టనివ్వరు. మచిలీపట్నంలో గోల్కొండ సుల్తాను, అక్కడా అంతే. గోడ లేపి ఫిరంగి ఎక్కించే వీలు దొరికింది మొదట దుగరాజపట్నంలోనే. ఇంకో లెక్క చెప్పనా? డచ్చివాళ్లు అమెరికాలో మన్‌హట్టన్ ద్వీపాన్ని కొన్నది 1626లో. న్యూయార్క్ లేచింది ఆ ద్వీపం మీదే. ఇంచుమించు అదే ఏడు ఇక్కడ ఇది! న్యూయార్క్, దుగరాజపట్నం ఒకే ఈడు! ఇద్దరికీ ఇంచుమించు నాలుగు వందల ఏళ్లు. అక్కడ ఆకాశహర్మ్యాలు మొలిచాయి, ఇక్కడ తాటిచెట్లు.

అలా ఎందుకు జరిగింది?

ఆ ప్రశ్న నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. జవాబు చాలా మామూలుది: గిట్టుబాటు కాలేదు. ఇక్కడ దొరికే బట్ట తక్కువ, కొనడానికి కంపెనీ పంపే డబ్బు ఇంకా తక్కువ. నేతగాళ్లకి ముందే బయానా ఇవ్వాలి, ఓడ వచ్చేసరికి బట్ట సిద్ధంగా ఉండాలి. చేతిలో డబ్బాడని వర్తకుడికి మంచి బట్ట ఎవరిస్తారు! స్థానిక నాయకుడితోనూ పొసగలేదు. ఈలోపు 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా బంగారు ఫర్మానా ఇచ్చాడు: ఏడాదికి 500 పగోడాలు కడితే చాలు, తన రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చు. దాంతో పెద్దలు మళ్లీ మచిలీపట్నం వెళ్లిపోయారు. దుగరాజపట్నం చిన్నబోయింది.

ఫ్రాన్సిస్ డే దక్షిణానికి చూపు సారించాడు. మద్రాసపట్నం అనే చిన్న పల్లె. అక్కడ బట్ట 20 శాతం దాకా చౌక అని కంపెనీకి నచ్చజెప్పాడు. దానికి దగ్గర్లోనే శాన్‌థోమ్, పోర్చుగీసువాళ్ల ఊరు. ఆ ఊళ్లో డేకి ఒక ప్రియురాలు ఉందనీ, మద్రాసు మీద మోజుకి అసలు కారణం ఆవిడేననీ అప్పట్లోనే గుసగుస! చరిత్ర పుస్తకాలు కూడా ఈ కబురుని వదల్లేదు. నేనెందుకు వదులుతాను?

ఇప్పుడు నాకు ఊపిరాడనంత సంతోషం కలిగించిన సంగతి. 1639లో ఆ స్థలం రాసిచ్చింది ఎవరు? దామెర్ల వేంకటాద్రి నాయకుడు. తెలుగువాడు! కాళహస్తి దామెర్లవారు. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండి బేరం కుదిర్చాడు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరుమీదే చెన్నపట్నం. ఇంకో అన్నదమ్ముడు అంకభూపాలుడు కవి! 'ఉషాపరిణయం' అని తెలుగు కావ్యం రాసి తండ్రికి అంకితమిచ్చాడు. పులికాట్ డచ్చివాళ్లకీ మైలాపూరు పోర్చుగీసువాళ్లకీ జగడాలు ఆపడానికి తన అన్న మధ్యలో చెన్నపట్నం కట్టించాడని ఆ కావ్యంలో చెప్పాడు. చెన్నై పుట్టుక తెలుగు కావ్యంలో రికార్డయి ఉంది! మద్రాసు మనదేనన్న వాదం జోరుగా ఉన్న 1952లో మన నెల్లూరు జిల్లా మూలాలున్న పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణమే పెట్టారు. ఆ వాదానికి వెనక ఎంత పాత లెక్కలున్నాయో నాకు ఇప్పుడు తెలిసింది. మళ్లీ కొత్తగా పేచీ పెట్టడానికి కాదు లెండి, ఊరికే పొంగిపోవడానికి!

అన్నట్టు, కాళహస్తి గుడి పక్కన పారే స్వర్ణముఖి ఎక్కడికి వస్తుంది? నాయుడుపేట దాటి, మా వాకాడు మీదుగానే సముద్రంలో కలుస్తుంది! ఇంగ్లీషువాళ్లు వదిలిపోయిన చోటూ, వాళ్లకి కొత్త చోటిచ్చిన నాయకుల ఊరూ ఒకే నది దారిలో ఉన్నాయి. వాకాడు దగ్గర ఆ నది మీది బ్యారేజీ మీద నిలబడి ఈ మాట గట్టిగా అనేశాను. చేపలు పట్టుకునే పిల్లలు నవ్వారు.

1640లో డే, కోగన్ మద్రాసు చేరారు. వాళ్లతో పాతిక మంది దాకా సిపాయిలు, దుబాసీ బేరి తిమ్మప్ప, తుపాకి మందు చేసే నాగభట్టు. ఇద్దరు దొరలు, ఒక తెలుగు దుబాసీ, ఒక మందుగుండు పనివాడు, గుప్పెడు మంది సిపాయిలు. అంతే మద్రాసు! కోట ఖర్చు చూసి లండన్ పెద్దలు గుండెలు బాదుకున్నారు. ఆ ఖర్చుతో లేచిందే సెయింట్ జార్జి కోట, ఇవాళ తమిళనాడు సచివాలయం. దానికి పుట్టిందే తోట బంగళా, దానికి పుట్టిందే నేను చూస్తూ నిలబడ్డ తెల్లటి విందుల హాలు. ఏటా ఆగస్టు 22న చెన్నైలో మద్రాస్ డే అని ఊరంతా నడకలు, ఉపన్యాసాలు, ఫొటో ప్రదర్శనలు చేసుకుంటారు. చెల్లెలికి ఏటా పుట్టినరోజు. అక్కని పలకరించే దిక్కు లేదు!

అక్కని చూడ్డానికి వెళ్లాను మరి.

వాకాడు దాటాక రోడ్డు రెండు వైపులా వరి, ఆ తర్వాత రొయ్యల గుంటల్లో గిర్రున తిరిగే చక్రాలు, ఆ తర్వాత నేల రంగు మారిపోతుంది. పసుపు, బూడిద, తెలుపు. గాలిలో ఉప్పు నాలిక్కి తగులుతుంది! బకింగ్‌హామ్ కాలవ వచ్చింది. 1877–78 కరువులో జనానికి కూలి ఇచ్చి పూర్తి చేయించిన కాలవ, ఒకప్పుడు పడవలు దీనిమీదే మద్రాసుకి ఉప్పు, కట్టెలు మోసేవి. ఇప్పుడు నిశ్చింతగా గేదెలు మోకాలు లోతులో నిలబడి ఉన్నాయి.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను. "తాతా, ఇక్కడ పూర్వం ఇంగ్లీషోళ్ల కోట ఉండేదట కదా?"

"ఆడేముండాది నాయనా చూసేదానికి? ఇసకే" అన్నాడాయన. కాసేపాగి, "మా తాతోళ్లు చెప్పేవాళ్లులే, దొరల పట్నమని" అన్నాడు.

దొరల పట్నం! నాలుగు వందల ఏళ్ల తర్వాత, ఒక అరుగు మీద, చుట్ట కాలుస్తూ, ఆ మాట ఇంకా బతికే ఉంది!

ఇసకే, నిజమే. రాజాజీ హాల్ మెట్లలాంటివి ఊహించుకుని వెళ్లకండి. కానీ ఏం ఇసక! కాలు పెడితే చురుక్కుమనే తెల్లటి, మెత్తటి, అంతులేని ఇసక. సరుగుడు తోటల్లో గాలి హోరు ఒకటి, సముద్రం హోరు ఒకటి, రెండూ కలిసి చెవుల్లో గుయ్యిమంటాయి. ఓడ దూరాన లంగరు వేసుకుంటే, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీద ఎగిరెగిరి పడుతూ బట్ట మూటల్ని ఓడకి చేర్చేవి. మేకు ఒక్కటీ లేదు ఆ పడవకి! మేకు కొట్టిన పడవైతే అల దెబ్బకి పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. ఇంగ్లీషు పడవలకి చేతకాని అలల్ని మన పట్టపువాళ్లు దాటించేవారు. కంపెనీ వ్యాపారమంతా ఆ తాడు ముడి మీద ఆధారపడి నడిచింది!

మరి తీరంలో ఇన్ని చోట్లుండగా ఓడ ఇక్కడే ఎందుకు ఆగింది? సముద్రంలో తీరానికి కొంత దూరాన నీళ్ల కింద ఒక పొడవాటి ఇసక దిబ్బ ఉంది. అలల ఊపు కొంత అది తినేస్తుంది, దాని చాటున లంగరు వేసుకోవచ్చు. 19వ శతాబ్దపు పటాల్లో ఆ చాటుకి బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు. తెలియక మీదికి వస్తే మాత్రం ఓడ ఆ దిబ్బకి తగులుకుంటుంది, అందుకే లైట్‌హౌస్. ఆ లైట్‌హౌస్ పేరేమిటో తెలుసా? ఆర్మగాన్! ఆ దిబ్బ పేరు? ఆర్మగాన్ దిబ్బ! ఊళ్లో పేరు చెరిగిపోయింది గానీ నావికుల పటాల్లో ముదలియారు గారు ఈ రోజుకీ దీపం పట్టుకుని నిలబడి ఉన్నారు! ఏ దేశపు ఓడ కెప్టెనైనా ఈ దారిన పోతూ ఆయన పేరు చదవాల్సిందే!

ఆ లంగరు చోటే ఇప్పటి ఓడరేవు మాటకి కూడా మూలం. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామనీ, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేస్తామనీ రాశారు. పక్కన శ్రీహరికోట, పక్కన పులికాట్ సరస్సు, లాభం రాదన్న లెక్కలు, అన్నీ కలిసి అది కాగితం మీదే మిగిలింది. ఇప్పుడు ఓడల నిర్మాణ కేంద్రం మాట వినిపిస్తోంది. నా పక్షం అడుగుతారా? ఏది కట్టినా ముందు పలుగు పట్టుకుని పురావస్తు శాఖవాళ్లు ఒకసారి ఆ ఇసకలో తవ్వి చూడాలి. పునాది రాయి, ఫిరంగి గుండు, విరిగిన పింగాణీ, ఏది తగిలినా సరే! జేసీబీ దిగాక అడిగి లాభం లేదు.

అదే తీరం నుంచి, కొంచెం కిందికి చూస్తే, శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్–3 లేచింది అక్కణ్ణుంచే. మిరియాల కోసం వచ్చిన ఓడ ఆగిన చోటికి కూతవేటు దూరంలోంచి చంద్రుడి మీదకి! చెప్పండి, ఇంతకంటే దండిగా కథలున్న ఇసక ఇంకెక్కడుంది?

మీరూ చూడండి! తప్పకుండా చూడండి! గూడూరులో దిగండి, కోట ఊరి మీదుగా వాకాడు రండి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకోండి. పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే ఆ ఇసక మీద నిలబడలేరు. తలకి తువ్వాలు, చేతిలో నీళ్లు మరిచిపోవద్దు. పిల్లల్ని తీసుకెళ్లి, న్యూయార్క్‌కి ఈడైన ఊరు ఇదేనని చెప్పండి, వాళ్ల మొహాలు చూడండి! తిరుగు దారిలో తూపిలిపాలెం బీచ్ దగ్గర ఆగి కాళ్లు తడుపుకోండి. చలికాలమైతే నేలపట్టుకి వెళ్లి గూడబాతుల్ని చూసి రండి. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదవకపోతే ముందు అది చదవండి, పులికాట్ సరస్సు చుట్టూ మనుషులు ఎలా మాట్లాడతారో, ఎలా బతుకుతారో చెవికి పడుతుంది. చెన్నై వెళ్లే పని తగిలితే సెయింట్ జార్జి కోటలో మ్యూజియం ఉంది, 1680లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఉంది, మౌంట్ రోడ్డులో రాజాజీ హాల్ ఉంది. అక్క ఊరు చూశాక చెల్లెలి నగలు చూస్తే భలే ఉంటుంది!

నాకిప్పుడు పులికాట్ పిచ్చి మొదలైంది. అక్కడ డచ్చివాళ్ల సమాధుల తోట ఉందట, గేటు స్తంభాల మీద రాతి అస్థిపంజరాలు చెక్కి ఉంటాయట! అస్థిపంజరాలు! మా వాకాడు ఇంగ్లీషువాళ్లని నిద్రపోనివ్వని ఆ డచ్చివాళ్లే! వచ్చే ఆదివారం అటు పోతున్నాను, ఎవరెవరొస్తారో చెప్పండి!